మూరెడు షీటు

మా మిద్దె మీద, పాండురంగయ్య శెట్టి మిద్దెను ఆనుకున్న అంచున, మన్ను కింద మూరెడు వెడల్పున తారు షీటు ఉంది. నమ్మకపోతే నిచ్చెన వేసుకుని ఎక్కి చూసుకోవచ్చు. మన్ను కొంచెం గీకితే నల్లగా కనపడుతుంది. ఆ మూరెడు షీటు తాను మాకు ధర్మంగా ఇచ్చానని శెట్టి ఊరంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ, ధర్మవరంలో చెప్పుకుంటే నేను సరిపెట్టుకుందును. మొన్న పెనుకొండలో మా చెల్లెలింటికి పోతే, కాళ్ళు కడుక్కోకముందే అది కూడా అదే మాట ఎత్తింది.

"మీ శెట్టి శానా మంచోడంట కదక్కా! తన షీటు మీ మిద్దె మీదికి గూడా పరిపించినాడంట!"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చెల్లెలు పోసిన మజ్జిగ కూడా తాగబుద్ధి కాలేదు. మంచివాడట! ఆ షీటు మా మన్ను కిందికి ఎట్లా వచ్చిందో, అది రాకముందు మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను, వినండి. విన్నాక మీరే అనండి, అది ధర్మమో ఏమో.

నా పేరు ఆదిలక్ష్మమ్మ. మాది ధర్మవరంలో మగ్గాల వీధి. మా ఆయన పేరు నేను పలకకూడదు గానీ, పలకకపోతే మీకు తెలిసేదెట్లా? కుళ్ళాయప్ప. పట్టుచీరలు నేస్తాడు. నేను కండెలు చుడతాను, రంగు అద్దిన పట్టు మిద్దె మీద ఆరేస్తాను, తెగిన పోగులు ముడివేస్తాను. పట్టూ జరీ మాత్రం మావి కావు, పక్కింటి పాండురంగయ్య శెట్టివి. ఆయన ఇస్తాడు, మేము నేసి మళ్ళీ ఆయన చేతికే ఇస్తాం. మా వీధిలో సగం మగ్గాలు అట్లా ఆయన పట్టు మీదే ఆడతాయి.

శెట్టి ఇల్లూ మా ఇల్లూ ఒకప్పుడు ఒకటే ఇల్లు. మా మామ కాలంలో కరువొచ్చి సగం ఇల్లు శెట్టి వాళ్ళ నాయనకు అమ్మేశారు. కింద నడుమ గోడ లేచింది. పైన మిద్దె మాత్రం ఎప్పటిలాగే ఒకటిగా మిగిలిపోయింది. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలు, బండల మీద మన్ను. మా వైపు ఎత్తు, శెట్టి వైపు పల్లం. మా మిద్దె మీద పడిన వాన మెల్లగా శెట్టి మిద్దె మీదుగా పోయి, ఆయన వీధిగోడకున్న రాతి దోనెలోంచి కిందికి దూకుతుంది. రెండిళ్ళకూ ఆ ఒక్క దోనే దారి. మా మామ బతికుండగా ఒకటే అనేవాడు, "ఇల్లు అమ్మినాం గానీ వానను అమ్మలేదు" అని. శెట్టి వాళ్ళ నాయన ఆ మాటకు తల ఊపేవాడు. పెద్దమనిషి. ఆయన కడుపున ఈయన ఎట్లా పుట్టాడో!

మన్ను మిద్దెలు చూసినవాళ్ళకు చౌడు సంగతి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నా. పైరు మొలవని ఉప్పు నేలల్లో తెల్లగా పొంగుతుంది చూడండి, ఆ మన్నే చౌడు. ఏటా వానలకు ముందు దాన్ని బండ్ల మీద తోలుకొచ్చి, మిద్దె మీద పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొడితే నీటిచుక్క కిందికి దిగదు. మా రెండిళ్ళకూ ఒకే రోజు చౌడు వేసేవాళ్ళం. గంపలు ఆ కొస నుంచి ఈ కొస దాకా పోతూనే ఉండేవి. ఏ గంప ఎవరి మిద్దె మీద పడిందో చూసినవాళ్ళు లేరు. శెట్టి వాళ్ళమ్మ రంగనాయకమ్మ అవ్వ ఆ రోజు ఓళిగలు చేసి, పైకి పంపి, కింద నుంచి కేకలేసేది, "ఏమే ఆదిలక్ష్మీ, నెయ్యి ఏసుకొని తినండే, ఊరికే మింగొద్దండే!" అని. ఆ ఓళిగల రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది, అబద్ధమెందుకు?

అరవై మూడో సంవత్సరం ఎండాకాలంలో శెట్టి బెంగళూరు పోయి వచ్చాడు. అక్కడ ఎవరిదో గోదాము మీద తారు షీటు చూశాడట. అంతే, మనిషి మనిషి కాకుండా పోయాడు. ఇకపై మన్ను మోసే పనే లేదు, చౌడు పీడే లేదు, ఒక్క పొర వేస్తే చాలు, వాన కాదు కదా చెమ్మ కూడా దిగదు అని వీధి అరుగు మీద కూర్చుని వచ్చే పోయే వాళ్ళందరికీ చెప్పాడు. ఆయన ఇంటి నడుమ గదిలో పట్టు మూటలుంటాయి. వాటి మీద ఒక్క చుక్క పడితే ఆయనకు నిద్ర రాదు. అది తప్పని నేననను. ఎవరి భయం వాళ్ళది.

షీటు చుట్టలు రైల్లో వచ్చాయి. వేయడానికి హిందూపురం నుంచి ఈశ్వరప్ప అనే ఆయన వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, మోచేతుల దాకా తారు మరకలతో ఉండేవాడు. సగం తెలుగు, సగం కన్నడం. ఆయన పని చేస్తుంటే నేను మా మిద్దె మీద పట్టు ఆరేస్తూ చూశాను. పని చూడడానికి బాగుందనే చెప్పాలి. ముందు పాత మన్నంతా గీకి, చదును చేసి, సున్నం గచ్చు పోశాడు. అది ఎండాక డ్రమ్ములో తారు కాచి, పొడుగు చీపురుతో గచ్చు మీద పూస్తూ, దాని వెంటే చుట్టను దొర్లించుకుంటూ పోయాడు. కాళ్ళకు గోనెపట్టా కట్టుకుని, షీటు మీద అడుగు పక్కన అడుగు వేసి తొక్కాడు. దోనె దగ్గర పల్లం నుంచి మొదలుపెట్టి ఎత్తుకు వచ్చాడు. పై షీటు కింది షీటు మీదికి జానెడు ఎక్కాలట, నీళ్ళు అతుకు మీదుగా జారిపోవడానికి. వీధంతా తారు కంపు. ఆ కంపుకు మా ఆయన రెండు పూటలు అన్నం సరిగా తినలేదు.

ఆఖరు చుట్ట మా మిద్దె దాకా వచ్చి ఆగింది. ఈశ్వరప్ప నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే శెట్టి పైకి వచ్చాడు.

"శెట్రే, ఈడ ఒక మాట," అన్నాడు ఈశ్వరప్ప. "షీటు కొస ఇట్లే ఇడిస్తే వాళ్ళ మిద్దె నీళ్ళు దీని కిందికి దూర్తాయి. ఇంకో మూరెడు వాళ్ళ మిద్దె మీదికి పరిచి, దాని పైన వాళ్ళ మన్ను ఏస్తే సరిపోతాది. మన్ను మీద వచ్చే నీళ్ళు షీటు మీదికి దిగి నేరుగా దోనెకు పోతాయి."

నేను వెంటనే అన్నాను. "పరుచుకోండప్పా, మాకేం అడ్డం ల్యా. మన్ను నేనే తీసిస్తా, నేనే ఏస్తా."

శెట్టి నా వైపు చూడనైనా చూడలేదు. "నా షీటు వాళ్ళ మిద్దె మీదికి ఏంటికి పోవల్ల?" అన్నాడు ఈశ్వరప్పతో. "ఈ పొద్దు షీటు పోతాది. రేపు ఆ షీటు ఉండే జాగా నాదా వాళ్ళదా అని తగువు. ఇంకో దారి ల్యా?"

"ఉండాది. నడుమ ఇటికెలు పేర్చి గట్టు కట్టి, షీటును ఆ గట్టు మీదికి మడిస్తే మీ వైపు ఒక్క చుక్క రాదు. కానీ ఆయమ్మ వాళ్ళ నీళ్ళు..."

"వాళ్ళ నీళ్ళు వాళ్ళు చూసుకుంటారు. గట్టు కట్టు."

చూశారా? మూరెడు షీటు. చుట్టలో ఇంకా మిగిలింది కూడా. ఆ మిగిలింది ఏం చేశాడో తెలుసా? స్నానం చేసే బచ్చలింటి తలుపుకు కొట్టించాడు! మా ఇంటి వాన కన్నా ఆయన బచ్చలింటి తలుపు ఎక్కువైపోయింది.

నేను ఊరుకోలేదు. "ఏమయ్యా శెట్టీ, గట్టు కడితే మా నీళ్ళు యాడికి పోవల్ల? గాల్లోకి ఎగురుతాయా?" అని అడిగాను.

"మీ వెనక గోడకు దోనె పెట్టుకోండి."

"వెనక ఎత్తు గదయ్యా! నీళ్ళు ఎత్తుకు పారేది నువ్వు బెంగళూర్లో చూసినావా?"

ఈశ్వరప్ప నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకున్నాడు. శెట్టికి మాత్రం ముఖం మాడిపోయింది. "మొగోళ్ళు మాట్లాడే కాడ నీకేం పని?" అని చరచరా దిగిపోయాడు. నేను ఈశ్వరప్ప మీద పడ్డాను. అన్నీ తెలిసి ఎట్లా కడతావప్పా అని నిలదీశాను. ఆయన ఇటుకలు పేరుస్తూనే, "నాకేంటికమ్మా, సుమ్నె తగువు? చెప్పింది చేసి దుడ్లు తీసుకొని పోయేవాణ్ణి," అన్నాడు. చెడ్డవాడని కాదు. కానీ ఆ పొద్దు ఆయన మీద కూడా నాకు కడుపు మండింది. సాయంత్రానికి రెండు మిద్దెల నడుమ జానెడు ఎత్తున గట్టు లేచింది. పొలం గట్ల కాడ తలలు పగిలేది చూశాను గానీ, మిద్దె మీద గట్టు నేను అప్పుడే చూడడం.

ఇక మా ఆయన సంగతి. నేను దిగి వచ్చి, శెట్టిని అడుగు, నలుగురిలో పెట్టు, మీ నాయన చెప్పిన మాట చెప్పు అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను. ఆయన పడుగులో అటూ ఇటూ పోగు తోసే నాడె ఆపలేదు.

"పోనీలేవే. ఆయన పట్టు మీద బతుకుతాండాం."

"పట్టు ఆయనదైతే నెత్తి మీద గట్టు కడతాడా?"

"గమ్మునుండు. హనుమంతప్పకు ఏమైందో మర్సిపోయినావా?"

మరవలేదు. వీధి కొసన ఉండే హనుమంతప్ప మగ్గం మీది పడుగును ఎలుకలు కొరికాయి. పడుగు అంటే మగ్గం మీద పొడుగ్గా బిగించిన పోగులు. అది పోతే చీర పోయినట్టే. శెట్టి ఆ పూటే హనుమంతప్పకు పట్టు ఆపేశాడు. మిగిలిన శెట్లు కూడా, ఆయన వద్దన్నవాడికి మేమెట్లా ఇస్తామన్నారు. హనుమంతప్ప ఇప్పుడు హిందూపురం సంతలో బెల్లం మూటలు మోస్తున్నాడు. అంత నేర్పరి చేతులు! మా ఆయన భయమల్లా అదే. ఆ యేడు మా మగ్గం మీద ఎర్రంచు పచ్చచీర ఉంది. జరీ నిండా పోసిన పడుగు. అది తడిసి ఎరుపు పచ్చకు దిగితే, మన్ను నీళ్ళకు జరీ నల్లబడితే, మా మగ్గానికి ఇక పట్టు రాదు. మా ఆయనకు మగ్గం తప్ప ఇంకో పని రాదు. ఆ భయం నాకూ ఉంది. కాకపోతే ఆయనకు భయమొస్తే నోరు మూతపడుతుంది, నాకు తెరుచుకుంటుంది.

మృగశిర వచ్చింది. చౌడు వేసే రోజు. షీటు వేశాక శెట్టికి చౌడెందుకు అంటారా? నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ రంగనాయకమ్మ అవ్వ పట్టుబట్టింది. చౌడు పడని మిద్దె కింద తాను నిద్రపోనంది. ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి ఏనాడూ తప్పలేదంది. శెట్టికి కూడా ఆ మాట నచ్చింది. షీటు ఒకటి, దాని మీద చౌడు ఒకటి, రెండింతల కాపు కదా అని లెక్క వేసుకున్నాడు. ఈశ్వరప్ప ఉంటే ఏమనేవాడో! ఆయన ఎప్పుడో హిందూపురం రైలెక్కేశాడు. శెట్టి కూలీలు ఆ నున్నటి నల్ల షీటు మీద గంపలు గంపలుగా చౌడు పోసి, నీళ్ళు చల్లి, ఎప్పటిలాగే దిమ్మిసలతో కొట్టారు. గట్టుకు ఇవతల నేనొక్కదాన్నే మా మిద్దెకు చౌడు మోసుకున్నాను. ఒక్క గంప కూడా గట్టు దాటి రాలేదు. ఓళిగల వాసన మాత్రం వచ్చింది. నేను గట్టు దగ్గర మన్ను మందంగా పోసి, గట్టిగా కొట్టి, పైనున్న దేవుడికి ఒక దండం పెట్టి దిగాను.

తుంపర్లకు ఏమీ కాలేదు. గట్టు దగ్గర కాసిన్ని నీళ్ళు నిలిచేవి, ఎండకు ఆరిపోయేవి. శెట్టి అరుగు మీద నుంచి నాకు వినపడేట్టు, "ఏం మునిగిపోయింది ఇప్పుడు?" అనేవాడు. నేను పళ్ళు నూరుకుంటూ నీళ్ళ బిందె ఎత్తుకుని పోయేదాన్ని.

పుబ్బ కార్తెలో వచ్చింది అసలు వాన. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మబ్బు కమ్మింది. మగ్గానికి వెలుతురొచ్చేందుకు మిద్దెలో వదిలిన కంత, గవాచి, దాని మీద నేను పోయి పెంకు మూశానో లేదో, కుండలతో గుమ్మరించినట్టు మొదలైంది. మా ఇల్లు మగ్గం ఇల్లు కదా, గది అంతా మగ్గమే. నడుమ గోడ పక్కనే పడుగు సాగి ఉంటుంది. కాసేపటికి ఆ గోడ మీద తడి చార దిగింది. నేను చూస్తుండగానే చార కాస్తా ధార అయింది. తర్వాత గోడకూ దూలానికీ మధ్య నుంచి బురద నీళ్ళు సరిగ్గా పడుగు మీదికి కారడం మొదలుపెట్టాయి.

"కంబళి తేవే!" అని అరిచాడు మా ఆయన. తెచ్చి పడుగు మీద కప్పాం. నిమిషంలో కంబళి నాని, బరువెక్కి, అదే కిందికి కారబోయింది. తీసి అవతల పడేశాం. నేసిన మేరకైతే మగ్గం ముందరి కర్రకు చుట్టుకుని ఉంటుంది, దానికి గుడ్డ కప్పొచ్చు. సాగి ఉన్న పోగులను ఎక్కడికి తీస్తారు? విప్పితే చిక్కు, కోస్తే చీరే లేదు. ఇత్తడి బేసిన్ పట్టాను. రెండు చోట్ల పడే ధారకు ఒక బేసిన్ ఏం చాలుతుంది?

అప్పుడు మా ఆయన ఏం చేశాడంటే, మగ్గం గుంటలోంచి లేచి, గోడ పక్కకు పోయి, అంగీ తీసి నడుముకు బిగించి, పడుగు మీదికి వంగాడు. రెండు చేతులూ అవతలి గుంజ మీద ఆనించి, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ పశువులా వీపు పరిచాడు. బురద నీళ్ళన్నీ ఆయన వీపు మీద పడి, పక్కలకు జారి, నేల మీదికి పోతున్నాయి. పోగులు ఆయన పొట్టకు బెత్తెడు కింద ఉన్నాయి. కాస్త కుంగితే తగులుతాయి.

"ఎంతసేపని ఉంటావు అట్ల?" అన్నాను.

"వాన నిల్చేదాంక," అన్నాడు.

ఆ మాటతో నా ఒళ్ళంతా భగ్గుమంది. వాన నిలిచేదాకా! గట్టు కట్టినవాడు పొడిగా కూర్చోవాలి, ఈయన వాన నిలిచేదాకా వంగి ఉండాలి! మూలనున్న గడ్డపార తీసుకుని, కొంగు బిగించి నిచ్చెనెక్కాను.

పైన మా మిద్దె మిద్దెలా లేదు, చెరువులా ఉంది. గట్టుకు ఆనుకుని పిక్కల దాకా నీళ్ళు. గడ్డపార ఎత్తాను. ఎత్తి, అవతలికి చూశాను. శెట్టి మిద్దె కూడా చెరువే! ఎట్లాగంటారా? మన్ను మిద్దె మీద వేసిన చౌడు మన్నును పట్టుకుంటుంది. నున్నటి షీటు దేన్ని పట్టుకుంటుంది? వేసిన చౌడంతా దోసెపిండిలా జారిపోయి, పల్లంలోని దోనె నోట్లో కూరుకుపోయింది. వీధిలోకి ఒక్క చుక్క పోవడం లేదు. ఆయన గవాచి అంచుకు నీళ్ళు నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నాయి. ఆ గవాచి కిందే పట్టు మూటలు. పక్కనే రంగనాయకమ్మ అవ్వ మంచం.

ఇప్పుడు నేను గట్టు పగలగొడితే నా నీళ్ళన్నీ అటు దూకి ఆయన గవాచిలోకి పోతాయి. చెబుతున్నా కదా, దాచడానికేముంది, పోనీ అనుకున్నాను. మునగనీ, రోగం కుదరనీ అనుకున్నాను. చేయి పైకి లేచింది కూడా. కానీ కింద నుంచి అవ్వ గొంతు వినపడింది, "రంగా, రంగా" అంటోంది, ఉరిమినప్పుడల్లా ఒకసారి. ఆ మూటల్లో ఉన్నది శెట్టి పట్టే అయినా, అది రేపు మా వీధిలోని సగం మగ్గాల మీదికి ఎక్కే పట్టు. అది తడిస్తే ఎన్ని ఇళ్ళలో నాడె ఆగిపోతుంది? గట్టు దాటి అవతలికి నడిచాను. బురద షీటు మీద రెండుసార్లు జారాను.

దోనె దగ్గరికి చేరానో లేదో, కింద వీధిలోంచి అరుపు. శెట్టి గొడుగు వేసుకుని నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఎవురది మిద్దె మీద? ఆదిలక్ష్మమ్మా! షీటు తొక్కొద్దు! ఆ గడ్డపార అవతల పెట్టు, షీటు చినుగుతాది!"

వింటున్నారా? ఇల్లు మునుగుతుంటే షీటు చినుగుతుందట! బోర్లా పడుకుని, చేయి భుజం దాకా దోనెలోకి దూర్చి, చౌడు ముద్దలు ముద్దలుగా లాగాను. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత లోపల గుటగుటమని, ఒక్కసారిగా మొత్తం నీళ్ళు, చౌడు, బురద అంతా కలిసి కిందికి దూకింది. దోనె కింద నిలబడింది ఎవరు? శెట్టే. నా తప్పేమీ లేదు. ఎక్కడ నిలబడాలో కూడా నేనే చెప్పాలా?

గొడుగు విరిగిన చప్పుడు విని లేచాను. శెట్టి మిద్దె మీది నీళ్ళు సర్రున తగ్గుతుంటే గట్టు దగ్గరికి వచ్చి, గడ్డపారతో ఒక్క పోటు పొడిచాను. షీటు చీలింది. రెండో పోటుకు ఇటుక ఊడింది. కింద శెట్టి తిడుతున్నాడు, ఒక్కో తిట్టుకు ఒక్కో ఇటుక ఊడబీకాను. మా నీళ్ళు పాత దారి మరిచిపోలేదు. నేరుగా దోనె దాకా పోయి దూకాయి. ఆ గండి పూడిస్తే నేను మళ్ళీ పొడుస్తానని, పూడ్చకపోతే నీళ్ళు తన షీటు కిందికే దూరుతాయని, ఈశ్వరప్పను మళ్ళీ పిలిపించి ఆ మూరెడు వేయించాడు శెట్టి. అదీ ధర్మం కథ. తన మిద్దె కోసం వేసుకున్నది!

సరే, ఆ పొద్దు సంగతికి వస్తాను. దిగి లోపలికి వచ్చేసరికి గోడ మీది ధార సన్నబడి, బొట్లు బొట్లుగా పడుతోంది. మా ఆయన ఇంకా అట్లాగే వంగి ఉన్నాడు. వీపు మీద మన్ను అట్టలు కట్టింది. "ధార తగ్గిపోయింది, లెయ్యి," అని చేయి పట్టుకున్నాను. లేవలేకపోయాడు. నడుము పట్టేసింది.

అంతలో గడప దగ్గర అడుగుల చప్పుడు. శెట్టి. నెత్తి నుంచి కాళ్ళ దాకా చౌడు బురద. నన్ను తిట్టడానికే వచ్చాడు, నోరు తెరిచాడు కూడా. కానీ మా ఆయన వంగి ఉన్నదీ, గోడ మీది చారా చూసి ఆ నోరు మూశాడు. గబగబా లోపలికి వచ్చాడు. పాపం, మనిషికి చేయి అందిస్తాడనుకున్నాను. మా ఆయన భుజం మీద చేయి వేసి పక్కకు జరిపి, పోగులు వేళ్ళ మధ్యకు తీసుకుని, కొస నుంచి కొస దాకా తడిమి చూశాడు.

"యాడన్నా తడిసిందా?" అన్నాడు.

"లేదు శెట్టప్పా. ఒక్క పోగు గూడా తడవల్యా," అన్నాడు మా ఆయన, సగం వంగిన నడుముతోనే, గుంజ పట్టుకుని.

నాకు ఇక ఆగలేదు. "సరిగ్గా చూసుకో శెట్టీ," అన్నాను. "పట్టు నీది. అది తడవల్యా. వీపు మాది. అది తడిసింది. దాన్ని గూడా ఒకసారి చూసి పో."

శెట్టి చూడలేదు. పైకండువాతో చేతులు తుడుచుకుని, గడప దాటి వెళ్ళిపోయాడు.

నేను కొంగు పిండి మా ఆయన వీపు తుడవబోయాను. ఆయన నా చేయి పక్కకు తోశాడు.

"నా వీపు యాడికీ పోదులేవే," అన్నాడు. "ముందు గుంటలో నీళ్ళు తోడు. పట్టుకు చెమ్మ తగుల్తాది."